బొమ్మలతో కథ చెప్పడం ఎలా: విద్యార్థులకు సమగ్ర మార్గదర్శి

బొమ్మ బాగా వేయడం వేరు, బొమ్మతో కథ చెప్పడం వేరు. బడిలో జరిగే చిత్రలేఖన పోటీలకు వెళ్లి గోడకు అంటించిన కాగితాలు చూడండి. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, కింద వాగు, పక్కన గుడిసె. గీత చక్కగా ఉంటుంది, రంగు శుభ్రంగా పడి ఉంటుంది. ఆ గుడిసెలో ఎవరుంటారు, ఈ పొద్దున ఆ ఇంట్లో ఏం జరిగింది అని అడిగితే మాత్రం వేసిన పిల్లల దగ్గర జవాబు ఉండదు. అంతకుముందు ఎవరూ వాళ్లను ఆ ప్రశ్న అడిగి ఉండరు.

ఈ మార్గదర్శి ఆ ప్రశ్నతోనే మొదలవుతుంది. తొమ్మిదో తరగతి నుంచి డిగ్రీ దాకా చదువుతున్న ఎవరైనా దీన్ని అనుసరించవచ్చు. చేయి బాగా తిరిగి ఉండాలన్న నియమం లేదు. మనిషి నిలబడ్డాడా, కూర్చున్నాడా అని తెలిసేలా గీయగలిగితే చాలు. రోజుకు ఒక గంట కేటాయిస్తే నెల తిరిగేలోపు ఆరు బొమ్మల్లో పూర్తయిన కథ ఒకటి మీ చేతికి వస్తుంది.

నేను గట్టిగా నమ్మేది ఒకటుంది. బొమ్మల కథకు ప్రాణం గీతలో కంటే నిర్ణయంలో ఎక్కువ ఉంటుంది. ఏ క్షణాన్ని చూపాలి, దేన్ని వదిలేయాలి, ఎవరిని ముందుకు తేవాలి, చూసేవాళ్ల ఊహకు ఎంత విడిచిపెట్టాలి. మన నేల మీద శిల్పులు, గుడ్డ మీద కథల పటాలు వేసే నకాషీలు, తోలుబొమ్మల వాళ్లు దాదాపు రెండు వేల ఏళ్లుగా ఈ నిర్ణయాలు తీసుకుంటూ వచ్చారు. వాళ్ల ముక్కుతీరును, నగల వంపును అనుకరించమని చెప్పను. వాళ్లు ఎందుకలా చేశారో కనిపెట్టి, ఆ తెలివిని మీ కథకు వాడుకోమంటాను.

మొదటి మెట్టు: పెన్సిలు పట్టకముందు ఒక బొమ్మను చదవండి

చెన్నై ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియంలో అమరావతి స్తూపానికి చెందిన గుండ్రని శిల్పఫలకం ఒకటి ఉంది. క్రీస్తుశకం 2వ శతాబ్దం నాటిది. బుద్ధుడి మీదికి ఉసిగొల్పిన నలగిరి అనే మదపుటేనుగు చివరకు ఆయనకే లొంగిపోయిన కథ అందులో చెక్కారు. చెన్నై వెళ్లే వీలు లేనివాళ్లకు ఇంటర్నెట్‌లో మంచి ఫోటోలు దొరుకుతాయి. వాటిలో పెద్దది ఒకటి ఎదురుగా పెట్టుకోండి.

ముందు ఏనుగులను లెక్కపెట్టండి. రెండు కనిపిస్తాయి. కథలో ఉన్నది ఒక్కటే! ఎడమవైపున అది వీధిలోకి దూసుకొచ్చి మనుషులను తొక్కేస్తోంది. కుడివైపున అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లింది. రెండింటికీ నడుమ అడ్డుగీత లేదు, గడి లేదు. ఒకే వీధి, ఒకే వృత్తం, అందులో రెండు వేర్వేరు ఘడియలు. చూసేవాడి కన్ను ఎడమ నుంచి కుడికి కదిలే ఆ కొద్దిసేపట్లోనే కథ జరిగిపోతుంది.

ఇప్పుడు మనుషులను చూడండి. ఏనుగు విరుచుకుపడిన వైపున దేహాలు వంగి, మెలితిరిగి, ఒకరి మీద ఒకరు పడుతున్నాయి. బెదిరిన ఒక స్త్రీ పక్కనున్న మనిషిని పట్టుకుంది. బుద్ధుడి వైపు గీతలన్నీ నిటారుగా, నెమ్మదిగా ఉన్నాయి. ముఖాలు అరిగిపోయినా ఫలకంలో భయం, శాంతి తెలుస్తున్నాయంటే కారణం ఈ వంపులే. పైన మేడల కిటికీల్లోంచి జనం తొంగిచూస్తున్నారు. వాళ్లు లేకపోయినా కథ అర్థమవుతుంది, అయినా శిల్పి వాళ్లను చెక్కాడు. ఇది అడవి కాదు, నగరవీధి అని వాళ్ల వల్ల తెలుస్తుంది. పైగా వాళ్లు మనలాగే చూడటానికి వచ్చినవాళ్లు కాబట్టి, మనకు కూడా ఆ వీధిలో ఒక చోటు దొరికినట్టవుతుంది.

నోటుపుస్తకంలో ఒక పేజీ తీసుకుని నాలుగు ప్రశ్నలకు జవాబులు రాయండి. ఇందులో ఎన్ని ఘడియలు ఉన్నాయి? కన్ను ముందు ఎక్కడ పడింది, తర్వాత ఎటు పోయింది? చోటు ఎక్కడిదో ఏ వస్తువు చెప్పింది? కథలో ఉండి, బొమ్మలో లేనిది ఏమిటి? నాలుగో ప్రశ్న మీద ఎక్కువసేపు ఉండండి. వదిలేసిన వాటిని గుర్తుపట్టడం అలవాటైతే మీ సొంత కథలో ఏం వదలాలో తెలుస్తుంది.

ఇదే పద్ధతిలో ఇంకో రెండు మూడు చదవండి. లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు మీద 16వ శతాబ్దపు చిత్రాల్లో వేటగాడి రూపంలో వచ్చిన శివుడితో అర్జునుడు పోరాడిన కిరాతార్జునీయం ఉంది, ఆవుకు న్యాయం చేసిన రాజు మనునీతి చోళుడి కథ ఉంది. పొడవాటి పట్టీల్లో సాగే ఆ కథలను మెడ ఎత్తి, నడుస్తూ చదవాలి. శ్రీకాళహస్తి కలంకారీ వస్త్రంలో రామాయణ ఘట్టాలు వరుసల్లో నడుస్తాయి, వాటి వెంట తెలుగులో వివరణ కూడా రాసి ఉంటుంది. సిద్దిపేట జిల్లా చేర్యాల నకాషీల పటాలు మరో దారి పట్టాయి. వాటి సంగతి ముందుముందు చాలాసార్లు వస్తుంది.

రెండో మెట్టు: చిన్న కథ, కంటికి కనిపించే కథ

మొదటి కథకే ఊరి చరిత్రో, స్వాతంత్ర్య పోరాటమో ఎత్తుకోకండి. ఒక పూటలో ముగిసేది, ఇద్దరు ముగ్గురు మనుషులకు మించనిది తీసుకోండి. మీకు తెలిసిన చోట జరగాలి, ఎందుకంటే ఆ చోటును మీరు వెళ్లి చూసి గీయాలి.

కథ బొమ్మకు పనికొస్తుందా లేదా తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. మాట లేకుండా, సైగలతో మాత్రమే దాన్ని మీ చెల్లెలికో తమ్ముడికో చెప్పి చూడండి. సగమైనా అర్థమైతే పనికొస్తుంది. ‘నాన్నకు అప్పు ఉంది’ అన్నది సైగకు అందదు. ‘నాన్న గోడకున్న గడియారం తీసి సంచిలో పెట్టుకున్నాడు, గోడ మీద తెల్లటి గుండ్రని మచ్చ మిగిలింది’ అంటే అందుతుంది. అప్పు, పరువు, బెంగ, ఆశ వంటివి కంటికి కనిపించవు. వాటికి బదులు కంటికి కనిపించే ఒక వస్తువునో చేష్టనో వెతికిపెట్టడమే మీ పని.

ఇక్కడి నుంచి ఒకే కథను ఉదాహరణగా తీసుకుందాం. ఇంటర్ చదివే ఒక అబ్బాయి సెలవులు ముగించుకుని హాస్టల్‌కు బయలుదేరుతున్నాడు. అమ్మమ్మ ఆవకాయ జాడీకి వాసెన కట్టి చేతికిచ్చింది. బస్సు కిక్కిరిసి ఉంది. ఆ జాడీ ఎవరికీ తగలకుండా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా ఒక ముసలమ్మ నిలబడలేక ఊగిపోతోంది. లేచి సీటు ఇస్తే జాడీ ఎక్కడ పెట్టాలి? చివరికి లేస్తాడు, జాడీని ఆమె ఒళ్లోనే పెడతాడు. కథ ఇంతే.

దీన్ని ఒక్క వాక్యంలో రాసి బల్ల ముందు అంటించండి: ఎవరినీ తాకనివ్వకుండా కాపాడుకుంటున్నదాన్ని ఒక అబ్బాయి ముక్కూమొహం తెలియని మనిషి చేతిలో పెడతాడు. ఈ వాక్యంలో ‘కాపాడుకుంటున్న’, ‘చేతిలో పెడతాడు’ అన్న రెండు పనులు ఉన్నాయి. మొదటి దాని నుంచి రెండో దానికి మనిషి మారాడు. అలాంటి మార్పు ఏదీ మీ వాక్యంలో లేకపోతే ఇంకా కథ దొరకలేదన్నమాట. అది దొరికేదాకా తర్వాతి మెట్టుకు వెళ్లవద్దు.

మూడో మెట్టు: క్షణాలను ఏరడం

అన్నిటికంటే కష్టమైనది ఇదే. మీ సమయంలో పెద్ద వాటా దీనికే ఇవ్వండి.

కథలో గీయదగిన క్షణాలన్నీ ఒక జాబితాగా రాయండి. జాడీ కథలో ఇవి వస్తాయి: అమ్మమ్మ జాడీ నింపడం, వాసెన కట్టడం, గుమ్మం దగ్గర వీడ్కోలు, బస్టాండుకు నడక, బస్సు కోసం నిలబడటం, ఎక్కడానికి తోపులాట, సీటు దొరకడం, టికెట్టు తీసుకోవడం, జాడీని చేతులతో చుట్టుకోవడం, ముసలమ్మ ఎక్కడం, ఆమె కమ్మీ పట్టుకుని ఊగడం, అబ్బాయి చూపు తిప్పుకోవడం, లేవడం, జాడీతో తూలడం, ఆమెకివ్వడం, హాస్టల్ చేరడం, స్నేహితులతో కలిసి తినడం.

ఇప్పుడు ఒక్కొక్కటీ కొట్టేస్తూ పోండి. ప్రతి క్షణాన్నీ ఒకే ప్రశ్న అడగాలి: నువ్వు లేకపోతే కథ తెగిపోతుందా? టికెట్టు తీసుకోకపోయినా తెగదు. నడక లేకపోయినా తెగదు. హాస్టల్‌లో తినే దృశ్యం గీయడానికి సరదాగా ఉంటుంది, చాలామంది దాన్ని వదులుకోలేరు. అయినా మన వాక్యం ముసలమ్మ ఒళ్లో జాడీ పెట్టడంతోనే ముగిసింది కాబట్టి దాన్నీ కొట్టేయాల్సిందే.

మిగిలిన ఆరు ఇవి. ఒకటి, అమ్మమ్మ చేతులు వాసెన బిగిస్తున్నాయి. రెండు, బస్టాండు జనంలో జాడీని గుండెకు హత్తుకున్న చిన్న ఆకారం. మూడు, కిటికీ పక్క సీటు, జాడీ చుట్టూ రెండు చేతులు. నాలుగు, కమ్మీ పట్టుకుని వాలిపోతున్న ముసలమ్మ, తల కిటికీవైపు తిప్పుకున్న అబ్బాయి. అయిదు, అబ్బాయి లేచి నిలబడ్డాడు, రెండు చేతుల్లో జాడీ ఉంది, పట్టుకోవడానికి మూడో చేయి లేదు. ఆరు, ముసలమ్మ ఒళ్లో జాడీ, దాని చుట్టూ ఆమె చేతులు.

అయిదో బొమ్మను కాస్త గమనించండి. అందులో అబ్బాయి జాడీ ఇవ్వడం లేదు, ఇవ్వబోతున్నాడు. పని జరిగే క్షణం కంటే జరగబోయే క్షణానికి బలం ఎక్కువ. జరిగిపోయినదాన్ని కన్ను చూసి ఊరుకుంటుంది. జరగబోయేదాన్ని మనసు పూరించుకుంటుంది, అలా పూరించుకున్నంతసేపూ చూసేవాళ్లు మీ బొమ్మను వదలరు. బంతి పట్టుకున్న ఆటగాడి కంటే బంతి చేతికి అందబోతున్న ఆటగాణ్ని గీయండి. ఏడుస్తున్న ముఖం కంటే ఉత్తరం విప్పుతున్న వేళ్లను గీయండి.

ఒకటో బొమ్మలో అమ్మమ్మ చేతులకూ, ఆరో బొమ్మలో ముసలమ్మ చేతులకూ ఉన్న పోలికను కూడా చూడండి. రెండింటినీ ఒకే కోణంలో, ఒకే పరిమాణంలో గీస్తే, జాడీ ఇప్పుడు ఎలాంటి చేతుల్లో ఉందో ఒక్క మాట రాయకుండా చెప్పినట్టవుతుంది. ఇలాంటి జంట బొమ్మలు ప్రతి కథలోనూ దొరుకుతాయి, కాస్త వెతకాలి.

నాలుగో మెట్టు: అగ్గిపెట్టెంత బొమ్మలు

ఒకవైపు వాడేసిన కాగితాల వెనకవైపున అగ్గిపెట్టెంత గడులు గీసుకోండి. ఒక్కో క్షణానికి కనీసం నాలుగు రకాలుగా చిన్న బొమ్మ వేయండి. ముక్కూ కళ్లూ అక్కర్లేదు, ఆకారాలు చాలు. ఒక్కో గడికి రెండు నిమిషాలు మించకూడదు. మొదట తట్టిన కూర్పు సాధారణంగా అందరికీ తట్టేదే అయి ఉంటుంది, మూడో దానిలోనో నాలుగో దానిలోనో మీదైన చూపు బయటపడుతుంది. ఈ పని విసుగనిపిస్తుంది, నిజమే. అయినా దీన్ని దాటవేసి నేరుగా పెద్ద కాగితం మీదికి వెళ్లినవాళ్లు సగంలో రబ్బరు పట్టుకుని కూర్చోవలసి వస్తుంది.

ఈ చిన్న గడుల్లో మూడు సంగతులు తేల్చుకోవాలి.

మొదటిది దూరం. ఆరు బొమ్మలూ ఒకే దూరం నుంచి చూసినట్టుంటే కథ చప్పగా ఉంటుంది. మన కథలో ఒకటోది బాగా దగ్గర నుంచి, రెండోది చాలా దూరం నుంచి. బస్టాండు పెద్దదిగా, అబ్బాయి చిన్నగా కనిపిస్తేనే ఆ జాడీ ఎంత ఆపదలో ఉందో తెలుస్తుంది. మూడు, నాలుగు, అయిదు మధ్యస్థంగా ఉంచి, ఆరోదానికి మళ్లీ దగ్గరికి రావాలి.

రెండోది దిశ. తెలుగు ఎడమ నుంచి కుడికి చదువుతాం, కన్ను బొమ్మలోనూ ఆ అలవాటే చూపుతుంది. ప్రయాణం కుడివైపుకు సాగితే ముందుకు పోతున్నట్టుంటుంది. అడ్డం వచ్చేదాన్ని కుడి నుంచి ఎడమకు తేవాలి. బస్సు ఒక బొమ్మలో కుడికి, మరో బొమ్మలో ఎడమకు పోతుంటే, అబ్బాయి ఇంటికి తిరిగి వెళ్తున్నాడేమో అనుకుంటారు.

మూడోది ఆకారం. గడిలోని మనుషులను నల్లటి స్కెచ్ పెన్నుతో పూర్తిగా నింపేయండి. ఇప్పుడు ఎవరు ఎవరో, ఏం చేస్తున్నారో తెలుస్తోందా? ఈ పరీక్షకు మన తోలుబొమ్మలాటే గురువు. శ్రీ సత్యసాయి జిల్లా ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట కళాకారులు తోలును వెలుతురు దూరేంత పలచగా చేసి, రంగులద్ది, రంధ్రాలు పొడిచి బొమ్మలు చేస్తారు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. తెర మీద పడే ఆ బొమ్మలను ఎక్కువగా పక్కవాటంగా మలుస్తారు. ముక్కు, గడ్డం, కిరీటం, చేతి విసురు అన్నీ అంచుల్లోనే తెలియాలి కాబట్టి అలా చేస్తారు. మీ అబ్బాయి జాడీని ఛాతీకి అడ్డంగా పెట్టుకుంటే నల్ల ఆకారంలో జాడీ మాయమైపోతుంది. కాస్త పక్కకు తిప్పండి, జాడీ అంచు బయటికి కనిపించాలి.

అయిదో మెట్టు: పాత్రను దూరం నుంచే గుర్తుపట్టాలి

ఒక బొమ్మలో ఉన్న అబ్బాయే తర్వాతి బొమ్మలోనూ ఉన్నాడని చూసేవాళ్లకు అనుమానం లేకుండా తెలియాలి. చేర్యాల పటాలు దీనికి చక్కటి పాఠం. పటం మూడడుగుల వెడల్పుతో, నిలువుగా చాలా పొడవు సాగే చుట్ట. పటం కథ చెప్పేవాళ్లు దాన్ని కొద్దికొద్దిగా విప్పుతూ, కర్రతో ఒక్కో బొమ్మను చూపిస్తూ పాడేవారు. పద్మశాలీలకు కూనపులివాళ్లు, గొల్లలకు మందహెచ్చులవాళ్లు, మాదిగలకు డక్కలివాళ్లు ఇలా వారి వారి కులపురాణాలు వినిపించారు. దీపం వెలుగులో, దూరంగా కూర్చున్న ఊరి జనానికి అందులో ఎవరు ఎవరో తెలియాలి. అందుకే నకాషీలు ఒంటిరంగుతోనే తేడా చూపారు: దేవుళ్లకు నీలం, దేవతలకు పసుపు, రాక్షసులకు ముదురు గోధుమ. వెనక తలం అంతా ఎరుపు. ఆ ఎరుపు మీద ఏ ఆకారమైనా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఇక్కడొక మాట చెప్పాలి. ఈ పటాల్లో ఉన్నవి ఆయా కులాలవాళ్లు తమ పుట్టుక గురించి, తమ పెద్దల గురించి చెప్పుకున్న కథలు. వాటిలోని బొమ్మలను తీసి మీ ప్రాజెక్టు అంచులకు అలంకారంగా అతికించకండి. నేర్చుకున్నది ఎక్కడి నుంచో పేరుపెట్టి చెప్పండి. వీలైతే చేర్యాల వెళ్లి, పటం వేస్తున్నవాళ్ల పక్కన కాసేపు కూర్చోండి. ఫోటోలో కనిపించనిది చాలా తెలుస్తుంది.

మీ పాత్రకు ఒక గుర్తు ఇవ్వండి. చారల చొక్కా కావచ్చు, చెవి మీద పెన్ను కావచ్చు, పొట్టిగా కత్తిరించిన జుట్టు కావచ్చు. ఒక కాగితం మీద ఆ పాత్రను ఎదురుగా, పక్కనుంచి, వెనకనుంచి, కూర్చుని, వంగి గీసుకోండి. తల ఎంత, మొత్తం ఎత్తు అందుకు ఎన్ని రెట్లు అన్నది రాసిపెట్టుకోండి. ప్రతి గడి వేసేటప్పుడు ఆ కాగితం పక్కనే ఉండాలి. వస్తువుకు కూడా ఇలాగే చేయాలి. జాడీకి పైభాగం గోధుమరంగు, కింద తెలుపు, వాసెన గుడ్డకు ఎరుపు అనుకుంటే ఆరు బొమ్మల్లోనూ అవే ఉండాలి.

ఆరో మెట్టు: వెళ్లి చూసి గీయండి

ఊహ నుంచి గీసిన బస్సు ఏ ఊరి బస్సూ కాదు. ఒక సాయంత్రం బస్టాండుకు చిన్న పుస్తకం పట్టుకుని వెళ్లండి. నిలబడ్డవాళ్లు బరువును ఏ కాలి మీద వేస్తున్నారు, కమ్మీ పట్టుకున్న చేయి మణికట్టు దగ్గర ఎలా వంగుతోంది, చంటిబిడ్డ తల్లి సంచిని మోకాళ్ల మధ్య ఎలా ఇరికించుకుంది, ఇవన్నీ అరనిమిషం గీతల్లో పట్టుకోండి. మనుషులు కదిలిపోతారు, బొమ్మ సగంలో ఆగిపోతుంది. పరవాలేదు, సగం గీతలే ఎక్కువ నేర్పుతాయి. ఒకరిని పరీక్షగా, చాలాసేపు గీయాలనిపిస్తే మాత్రం అడిగి గీయండి. చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు, వద్దంటే ఆ పేజీ అక్కడితో ఆపేయండి.

ఈ కథకు చేతులు ముఖ్యం కాబట్టి చేతులకు ప్రత్యేకంగా సమయం పెట్టుకోండి. అద్దం ముందు మీ ఎడమచేతిని గీయండి. ఇంట్లో అమ్మమ్మో నాయనమ్మో ఉంటే పప్పు ఏరేటప్పుడు, పూలు కట్టేటప్పుడు ఆమె చేతులు గీయండి. వేళ్లు వేళ్లుగా మొదలుపెట్టకుండా అరచేతిని ఒక పలకలా, వేళ్లన్నింటినీ కలిపి ఒక ఆకారంలా గీసి, ఆ తర్వాత విడదీయండి.

ముఖకవళికల విషయంలో విద్యార్థులు తొందరపడతారు. బాధ అంటే కన్నీళ్లు, కోపం అంటే పళ్లు కొరకడం అనుకుంటారు. నాలుగో బొమ్మలో అబ్బాయి ముఖం కనిపించకపోయినా చాలు. కిటికీవైపు తిప్పుకున్న తల, జాడీ మీద బిగిసిన వేళ్లు అతని మనసులో ఏముందో చెప్పేస్తాయి.

ఏడో మెట్టు: రంగును పొదుపుగా వాడండి

నాలుగు రంగులకు మించకుండా మొదటి కథ పూర్తి చేయండి. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ, పాలతో శుద్ధి చేసిన గుడ్డ మీద నలుపు, ఎరుపు, పసుపు, నీలాలతోనే మొత్తం రామాయణం నడుస్తుంది. ఆ నలుపును ఇనుపముక్కలు, బెల్లం నీళ్లలో పులియబెట్టి తీస్తారు. ఆ కొద్ది రంగులకే యుద్ధమూ, పెళ్లీ, వనవాసమూ అన్నీ ఒదిగిపోయాయి.

జాడీ కథకు నేనైతే గోధుమరంగు, బూడిదరంగు, లేత పసుపు తీసుకుంటాను. ఎరుపును వాసెన గుడ్డకు మాత్రమే దాచిపెడతాను. ఆరు బొమ్మల్లో మరెక్కడా ఎరుపు ఉండకూడదు, బస్సు ఎర్రదైనా సరే! అప్పుడు రెండో బొమ్మలో అంత జనంలోనూ కన్ను నేరుగా జాడీ దగ్గరికే పోతుంది. అగ్గిపెట్టెంత గడుల్లోనే ముందు రంగులు వేసి చూసుకోండి. పెద్ద కాగితం మీద ప్రయోగాలు వద్దు.

ఎనిమిదో మెట్టు: మాటలు ఎంత, ఎక్కడ

బొమ్మ చెప్పినదాన్నే కింద మాటల్లో మళ్లీ రాయకండి. ‘అబ్బాయి బస్సులో కూర్చున్నాడు’ అన్న వాక్యం ఎవరికీ అవసరం లేదు, కనిపిస్తూనే ఉంది. అదే బొమ్మ కింద ‘జాడీ కింద పెట్టొద్దని అమ్మమ్మ మరీ మరీ చెప్పింది’ అని రాస్తే, బొమ్మలో లేని అమ్మమ్మ గొంతు అక్కడికి వస్తుంది. పటం కథలో బొమ్మకూ పాటకూ ఉన్న సంబంధం ఇదే. పాడేవాడి దగ్గర ఒక సగం, పటం మీద ఒక సగం ఉంటుంది.

ముందు అన్ని మాటలూ రాసుకుని, తర్వాత ఒక్కొక్కటీ తీసేస్తూ చూడండి. తీసేసినా కథ అర్థమవుతుంటే అది వెళ్లిపోవచ్చు. ఆరో బొమ్మ కింద ఏమీ ఉండకూడదని నా అభిప్రాయం.

చేత్తో రాసేటప్పుడు తెలుగు అక్షరానికి కావలసిన చోటు ముందే లెక్కవేసుకోవాలి. పైన తలకట్టు, గుడి, కింద వత్తులు ఉంటాయి కాబట్టి రెండు వరుసల మధ్య ఎడం బాగా వదలండి. మాటల బుడగ గీసి అందులో అక్షరాలు ఇరికించడం కంటే, ముందు అక్షరాలు రాసి, వాటి చుట్టూ బుడగ గీయడం మేలు. మొదట మాట్లాడేవాళ్ల బుడగ ఎడమవైపున, పైన ఉండాలి.

తొమ్మిదో మెట్టు: అసలు బొమ్మ

కార్ట్రిడ్జ్ కాగితం, హెచ్‌బీ పెన్సిలు, నల్ల ఇంకు పెన్ను, పోస్టర్ రంగులు ఉంటే సరిపోతుంది. ఎంచుకున్న చిన్న గడిని పెద్దది చేయడానికి దాన్ని నిలువుగా, అడ్డంగా నాలుగేసి భాగాలు చేసి, పెద్ద కాగితాన్నీ అలాగే విభజించి, ఒక్కో భాగంలో ఉన్నది ఒక్కో భాగంలోకి దించండి. ఆరు బొమ్మల పెన్సిలు పనీ ముగించాకే ఇంకు మొదలుపెట్టండి. ఒక్కొక్క బొమ్మను పూర్తిచేస్తూ పోతే మొదటిదానికీ చివరిదానికీ చేయి మారిపోతుంది.

పటంలా చుట్టగలిగేది చేయాలనుకుంటే పాత నూలు గుడ్డ వాడవచ్చు. చేర్యాలలో ఖాదీ గుడ్డకు చింతగింజల పేస్టు, గంజి, సుద్దమట్టి, జిగురు కలిపి పూతలు పూస్తారు. ఇంట్లో తెల్ల జిగురు, సుద్దపొడి, నీళ్లు పలుచగా కలిపి రెండుసార్లు పూసి, ఆరాక గరుకు కాగితంతో మెల్లగా రుద్దితే రంగు పట్టేంత నునుపు వస్తుంది. పూత దళసరి అయితే చుట్టినప్పుడు పగులుతుంది. కంప్యూటర్‌లో వేయాలనుకునేవాళ్లకు క్రిటా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. పనిముట్టు ఏదైనా, పైన చెప్పిన మెట్లు మారవు. ఇంటర్నెట్‌లో దొరికిన బొమ్మ మీద కాగితం పెట్టి అచ్చు దించుకోవడం మాత్రం వద్దు. ఆ బొమ్మలోని నిర్ణయాలన్నీ వేరేవాళ్లవి.

పదో మెట్టు: చూపించి, నోరు మెదపకుండా ఉండండి

మీ కథ గురించి ఏమీ తెలియని ముగ్గురిని ఎంచుకోండి. ఒక చిన్నపిల్ల, ఒక పెద్దామె, మీ ఈడువాళ్లు ఒకరు ఉంటే మంచిది. బొమ్మలు వరుసగా పెట్టి, ‘ఇందులో ఏం జరుగుతోందో చెప్పండి’ అని మాత్రం అడగండి. బాగుందా అని అడిగితే బాగుందనే అంటారు, దానివల్ల మీకు ఒరిగేదేమీ లేదు.

వాళ్లు చెబుతున్నంతసేపూ మీరు వివరించకూడదు. ఇది చాలా కష్టం, అయినా పట్టుదలగా ఊరుకోండి. ఎక్కడ ఆగారు, ఏ బొమ్మ నుంచి వెనక్కి వెళ్లి మళ్లీ చూశారు, ఏ మాట తప్పుగా పట్టుకున్నారు, ఇవి రాసుకోండి. ముసలమ్మను అమ్మమ్మే అనుకున్నారా? అయితే చీరరంగో, జుట్టుముడో మార్చాలి. నాలుగో బొమ్మలో అబ్బాయి బయట ఏదో చూస్తున్నాడనుకున్నారా? అయితే కిటికీ బయట చూడదగింది ఏమీ లేకుండా చేయాలి. ఇద్దరు ఒకే చోట తడబడితే ఆ బొమ్మ మళ్లీ వేయాల్సిందే. ఒక్కరే తడబడితే మీ విచక్షణకు వదిలేస్తాను.

ఒక్కోసారి మీరు అనుకోని అర్థం ఎవరో చెబుతారు, అది మీ కథ కంటే బాగుంటుంది. మొహమాటపడకుండా తీసుకోండి.

ఆ తర్వాత

ఇదే కథను ఒకే ఒక్క బొమ్మలో చెప్పడం తర్వాతి అభ్యాసం. అబ్బాయిని ఒకే బొమ్మలో రెండుసార్లు చూపుతారా, లేక అయిదో క్షణాన్ని మాత్రమే పెద్దగా వేస్తారా, మీ ఇష్టం. ఆ పైన అదే కథను ముసలమ్మ వైపు నుంచి ఆరు బొమ్మల్లో వేయండి. ఆమె ఎక్కడి నుంచి వస్తోంది? ఆ జాడీ చూడగానే ఆమెకు ఎవరు గుర్తొచ్చారు? క్షణాల జాబితా మొత్తం మారిపోతుంది.

ఈ చదువునే కొనసాగించాలనుకునేవాళ్లకు హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం, కడపలో డాక్టర్ వైఎస్సార్ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం, విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం లలితకళల విభాగం ఉన్నాయి. ఎక్కడ దరఖాస్తు చేసినా, ఏ పోటీకి పంపినా, పూర్తయిన ఆరు బొమ్మలతో పాటు అగ్గిపెట్టెంత గడుల కాగితాలు, కొట్టేసిన క్షణాల జాబితా, బస్టాండులో వేసిన సగం గీతలు కూడా ఒకే ఫైలులో పెట్టండి. ప్రతి కాగితం వెనక తేదీ, చోటు పెన్సిలుతో రాయండి, ఇంకుతో రాస్తే ముందువైపుకు దిగుతుంది.